బూరుగుకొండ కోటలో ఏడు దొంగ గుర్తులు

రజబ్ 4

ఫౌజు కచేరీ వారి నిబంధనల పుస్తకమైన దస్తూరు ప్రకారం ప్రతి చెహ్రానవీసూ రోజుకొక పుట స్వహస్తంతో రాసి దాచాలి. ఎందుకు దాచాలో దస్తూరులో లేదు. ఎవరు చదువుతారో కూడా లేదు. కనుక ముసలమడుగు నరహరి అనే నేను, రాజధాని మదరసాలో శాసనశాస్త్రం మొదటి తరగతిలో గట్టెక్కినవాణ్ణి, ప్రస్తుతం తూర్పు సరిహద్దున బూరుగుకొండ కోటలో నలభై ఒక్క ముఖాలకు అధికార రాతగాణ్ణి, ఎవరూ చదవరన్న పూర్తి భరోసాతో ఇక్కడ నిజమే రాస్తున్నాను.

ఈ రోజు పనులు: నీడగుడ్డల మీద ఇసుక దులిపించాను. ఒకటో బావి మోటారు మూలిగితే నూనె పోయించాను. సిరా కాచాను. కొత్తగా చేరిన ఇద్దరి చెహ్రాలు రాశాను. చెహ్రా అంటే మనిషి ముఖాన్ని మాటల్లో రాయడం: నుదురు, ముక్కు, రంగు, ఎత్తు, చివర గుర్తులు రెండు. గుర్తులు రెండుకు తగ్గితే కచేరీ కాగితాన్ని తిప్పి పంపిస్తుంది. బొమ్మ గీయడం, బొమ్మ తీయడం, బొమ్మ దాచడం, మూడూ తల తీసే నేరాలు. మా తాతల కాలంలో బొమ్మలన్నీ అబద్ధం చెప్పడం నేర్చుకున్నాయి కాబట్టి ఇప్పుడు సుల్తాను గారు మాటల్నే నమ్ముతారు.

పాపం సుల్తాను గారు.

రజబ్ 6

పొద్దున ఉప్పు అమ్మేవాడొకడు మైదానం మీంచి వచ్చాడు. నెత్తిన బుట్ట, నడుముకు తువ్వాలు, నోట్లో వక్క. తలుపు దగ్గర హవల్దార్ సిలార్ సాహెబు నిలబడి ఉన్నాడు. మా కోటలో అందరికన్నా పెద్దవాడు, అందరినీ బిడ్డా అంటాడు.

"సిలారన్నా, బాగున్నవా, మోకాలు నొప్పి తగ్గిందా?" అన్నాడు ఉప్పువాడు.

సిలార్ మోకాలు నిజంగానే నొప్పి. అతడు నవ్వబోయాడు. అంతలో బురుజు మీద కాపలా ఉండే కాశింబీ గొంతు వినిపించింది, వంటమనిషికి కూర చెప్పినంత తాపీగా.

"మామూ, వాడు మొండి చింత దాటినకాడి నుంచి రెప్ప కొట్టలే."

సిలార్ రెండడుగులు వెనక్కి వేసి గుండు పేల్చాడు. పడ్డవాడి నోట్లోంచి వక్క కాదు, సన్నటి ఎర్ర తీగ బయటికి వచ్చింది. చాలాసేపు అది మోకాలి గురించి అడుగుతూనే ఉంది.

వాటినే నకళ్ళంటారు. పాత కాలం వాళ్ళు తయారుచేసి వదిలేసి పోయారు. అవి మన ముఖాలు తొడుక్కుంటాయి. మొండి చింత కోట తలుపుకు పావు కోసు. అంత దూరాన ఉన్నవాడి రెప్పను లెక్కపెట్టగల మనిషి ఈ కోటలో ఒక్క కాశింబీయే. ఆమె కుడి కంటితో గురి పెట్టి చూస్తుంది, ఎడమ కన్ను మూసుకుని.

తీగలు ఏరుకొచ్చి కాల్చాను. మసి మంచి సిరా అవుతుంది. మధ్యాహ్నం అన్నం దగ్గర సిలార్‌ను మోకాలి గురించి అడగబోయి మానేశాను. ఇది దస్తూరులో ఎక్కడ రాయాలో లేదు, అందుకని ఇక్కడ రాశాను.

రజబ్ 7

ఎండ అద్దాల తళుకుల మీద రాజధాని నుంచి కబురు వచ్చింది. ఫౌజు కచేరీ ఆరిజ్, అంటే ముఖాల లెక్క చూసే పెద్ద అధికారి, జుబేదా ఖానం గారు పదహారో తేదీన స్వయంగా విచ్చేసి ముఖాల తనిఖీ చేస్తారట. కబురు అందిన క్షణం నుంచి చెహ్రాల పుస్తకానికి సీలు. కొత్త గుర్తు చేర్చడానికి లేదు, పాతది కొట్టేయడానికి లేదు. తనిఖీ రోజున చెహ్రాతో ముఖం కలవనివాణ్ణి నకలుగా లెక్కించి తలుపు అవతల నిలబెడతారు. తర్వాత సిలార్ చేయవలసిన పని సిలార్ చేస్తాడు. నిలబెట్టినది సిలార్‌నే అయితే ఆ పని ఇంకొకరు చేస్తారు.

ఈ కోటలో తనిఖీ జరిగి పదకొండేళ్ళయింది. నేను వచ్చి మూడేళ్ళు; మొదటి ఏడాదిలోనే పాత చెహ్రాలన్నీ నేనే కొత్తగా రాశాను. ఇక జరగదనే అందరూ అన్నారు. నేనూ అన్నాను, అందరికన్నా గట్టిగా.

సంగతేమిటంటే, నలభై ఒక్కమందిలో ఏడుగురికి రెండో గుర్తు లేదు. శుభ్రమైన ముఖాలు. మచ్చ లేని ముఖం సుల్తానేటుకు పనికిరాదు కాబట్టి రెండోది నేనే ప్రసాదించాను. ప్రసాదించేటప్పుడు కాస్త సరదా పడ్డాను. ముఖ్యమైనవి మూడు:

హవల్దార్ సిలార్ సాహెబు. హాజరు పిలిస్తే వినపడనట్టు నటిస్తాడు కనుక: ఎడమ చెవి తమ్మె నిలువునా చీలియున్నది.

సిపాయి పెంటయ్య. ఆగకుండా వాగుతాడు కనుక: ముందుపన్ను ఒకటి లేదు; మాటతో పాటు ఈల వచ్చును.

బురుజు కాపలా కాశింబీ. ఒక నెలంతా రోజూ కోట ఆవరణలోంచి చెయ్యి ఊపినా నా వైపు చూడలేదు కనుక: కుడి కంట పువ్వు; చూపు ఆనదు.

రాసిన రోజున ఒంటరిగా కూర్చుని పొట్ట పట్టుకు నవ్వాను. అది కూడా నా పాత పుటల్లో ఎక్కడో రాసి ఉంటుంది. వెతికి చూడను.

రజబ్ 8

దస్తూరు పుస్తకం తీశాను. మదరసాలో దీన్ని కంఠతా పట్టాను, పరీక్ష మర్నాడే వదిలేశాను. నూటపన్నెండో నిబంధన దొరికింది.

"చెహ్రానవీసు తాను వ్రాసినది అబద్ధమని ఒప్పుకొనిన యెడల అతడు వ్రాసిన చెహ్రాలన్నియు చెల్లవు. చెహ్రా లేనివాడు నకలు."

పుట అక్కడితో అయిపోయింది. పుస్తకం మూసేశాను. అంటే నేను నోరు విప్పితే ఏడుగురు కాదు, నలభై ఒక్కరూ తలుపు అవతలికి. విప్పకపోతే ఏడుగురు. లెక్కల్లో నేనెప్పుడూ మందమే గానీ ఇంత సులువైన లెక్కకు ఇంత చెమట ఎప్పుడూ పట్టలేదు.

రజబ్ 9

కోటకు పెద్ద అయిన కిల్లేదారు గారు ఆవరణలో అందర్నీ కూర్చోబెట్టి తనిఖీ అలవాటు చేయించారు. సీలు వేసింది రాయడానికే, చదవడానికి కాదు. పుస్తకం నా చేతికివ్వకుండా ఆయనే పట్టుకుని చదివారు. సిలార్ వంతు వచ్చింది.

"ఎడమ చెవి తమ్మె నిలువునా చీలియున్నది."

సిపాయిలు గొల్లున నవ్వారు. సిలార్ కూడా నవ్వాడు. తర్వాత ఒక్కొక్కరే ఆగిపోయారు, వాన వెలిసినట్టు.

"హవల్దార్, చీలి ఉందా?" అన్నారు కిల్లేదారు గారు.

సిలార్ చెవి తడుముకున్నాడు. నా వైపు చూశాడు. నేను నా చెప్పుల్ని చూసుకున్నాను.

"పదారు తారీఖుకల్లా చీలుతది హుజూర్" అన్నాడు.

కిల్లేదారు గారు తల ఊపి తర్వాతి పేరు చదివారు.

అంతే. ఎవరూ పుస్తకం తప్పని అనలేదు. అనాలని ఎవరికీ తోచనేలేదు. నాకు భయం వేసింది అప్పుడే, అసలైన భయం.

రజబ్ 10

సిలార్ చెవికి గుడ్డ కట్టుకుని నా గదికి వచ్చాడు. గుడ్డ ఎర్రగా తడిసి ఉంది.

"చూడు నవీసు బిడ్డా, నిలువునా అంటే గిట్లనేనా? అడ్డంగ కోసిండేమోనని హకీం మీద నాకు అనుమానం."

"నిలువుగానే ఉంది మామా."

"మంచిది."

"మామా, నేను..."

"ఏందో చెప్పకు" అన్నాడు, గొంతు పెంచకుండా. "నువ్వు చెప్పినవంటే నేను విన్నట్టయితది. విన్నంక నేను హవల్దారును. నిన్ను కిల్లేదారు ముందర నిలబెట్టాలె. నిన్ను నిలబెడితే మా అందరి చెహ్రాలు పోతయి. గా ముచ్చట నాకు తెల్వదనుకున్నవా? రాసింది చెరగదు. చెవి అయితే చెరుగుతది. నాకు యాభై ఆరేండ్లు, చెవితోటి నాకేం పని."

వెళుతూ గడప దగ్గర ఆగాడు.

"ముక్కు గురించి ఏం రాయలే గద?"

"లేదు మామా."

"అల్లా దయ."

రజబ్ 11

పెంటయ్య పన్ను పీకించుకున్నాడు. నోట్లో దూది పెట్టుకుని నా వెంట తిరుగుతున్నాడు. అతనికి ఈల రావడం లేదట. కోట లోపలి మూలబావి దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"నవీసయ్యా, ఈల ఎట్లుండాలె? సన్నగనా, రైలు లెక్కనా? నువ్వు రాసేటప్పుడు ఎట్లనుకున్నవో అట్ల చెప్పు, సాధన చేస్త."

"ఎలా వచ్చినా ఫరవాలేదు పెంటయ్యా."

"అట్లంటే ఎట్ల? తనిఖీకొచ్చే పెద్దమ్మగారు ఈల లేదంటే? ఇద్దరు పిల్లలున్నరు నాకు. జర చెప్పు."

నేను ఈల వేసి చూపించాను. అతను నేర్చుకున్నాడు. ఇద్దరం బావి గట్టున కూర్చుని సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా ఈల వేశాం. దూరం నుంచి చూసినవాళ్ళు మేం సంతోషంగా ఉన్నామనుకుని ఉంటారు.

మిగతా నలుగురిలో ఒకడు నుదుట వాత పెట్టుకున్నాడు. ఒకడు కనుబొమ్మ సగం గొరిగించుకుని, మళ్ళీ మొలుస్తుందన్న భయంతో కాల్చుకున్నాడు. ఇద్దరి సంగతి రాయను.

రజబ్ 12

కాశింబీ వచ్చింది. ఆమె నా గదికి రావడం ఇదే మొదలు. మూడేళ్ళుగా ఈ క్షణం కోసం దాచుకున్న చమత్కారాలు ఓ పద్నాలుగు ఉండేవి. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"నవీసు సాబ్, పువ్వు ఎట్ల వస్తదో హకీంను అడిగిన" అంది. "సున్నం తేట పోస్తే తెల్లగయితదట. రెండు దినాలు మంట, తర్వాత ఏముండదంట. చూపు గూడ ఉండదు."

నేను సిరాబుడ్డికి మూత పెట్టాను.

"ఎందుకు రాసినవో గదొక్కటి చెప్పు. కోపం లేదు, తెలుసుకుందామని."

"గుర్తులు రెండు ఉండాలి. నీకు ఒక్కటే ఉంది, గడ్డం మీద గాటు. ఇంకోటి కావాలి. అప్పుడు... ఒక నెల రోజులు నేను కింద నుంచి చెయ్యి ఊపాను. నువ్వు చూడలేదు."

"చూసిన" అంది. "రోజూ చూసిన. నేను కాపలాల ఉన్న. నీకు చెయ్యి ఊపెటందుకు నేను మైదానం మీదికెల్లి కన్ను తిప్పాల్నా?"



"ఎడమ కంటితోటి గురి నేర్చుకుంటున్న" అందామె లేస్తూ. "మొండి చింత కాడికి ఆనుతలేదు. బావి కాడిదాక ఆనుతది. బావి కాడికి వచ్చినంక వానికి రెప్ప ఉంటే ఏంది, లేకుంటే ఏంది."

రజబ్ 14

బురుజు మెట్ల కింద మూతపెట్టిన ముంత ఉంది. మూత తీసి చూశాను. సున్నం నానుతోంది.

మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు మైదానంలోంచి, ఒక తల్లి, ఇద్దరు పిల్లలు, ఏడుస్తూ. పిల్లలు కొట్టారు రెప్ప. తల్లి కొట్టలేదు. కాశింబీ చెప్పింది, సిలార్ పేల్చాడు. పిల్లల్ని లోపలికి లాక్కొచ్చేసరికి వాళ్ళు ఆ అమ్మ కావాలని నా చొక్కా పట్టుకుని ఏడ్చారు. అది అమ్మ కాదని వాళ్ళకెలా చెప్పడం. నాలుగు రోజులుగా దాని వెంటే నడుస్తున్నారట.

ఇంకో రెండు రోజుల తర్వాత ఇలాంటి తల్లి తిన్నగా వంటింటి దాకా వస్తుంది.

నూటపన్నెండో నిబంధన మళ్ళీ చదువుదామని దస్తూరు చేతికి తీసుకున్నాను. తెరవలేదు. తెలిసిన చావుమాటను రెండోసారి ఎవరు చదువుతారు. పెట్టేశాను.

రజబ్ 16

ఉదయాన్నే బురుజు ఎక్కాను. కాశింబీ కాపలాలో ఉంది. ముంత పక్కనే ఉంది.

"మధ్యాహ్నందాక నా కాపలా" అంది మైదానం మీంచి కన్ను తిప్పకుండా. "దిగెటప్పుడు పోసుకుంట. ముప్పై ఎనిమిదో నంబరు నాది, వేళ ఉంటది."

"తాజాగా ఉంటుంది కదా, కనిపెట్టేస్తారు" అన్నాను. ఇంతకన్నా తెలివైన మాట దొరకలేదు.

"సిలార్ మామ చెవి గూడ తాజాదే. చూద్దాం, ఏం జేస్తరో."

ఆరిజ్ జుబేదా ఖానం గారు గొడుగుబండి దిగారు. పొట్టి మనిషి, డెబ్బై ఉంటాయి, మెడ నిండా చెమటపొక్కులు. నన్ను చదవమన్నారు. చెహ్రాల పుస్తకం కోట ప్రతిని నేను చదువుతుంటే, రాజధాని ప్రతిని తన ఒళ్ళో పెట్టుకుని వేలితో వరస తప్పకుండా చూశారు.

సిలార్ ముందుకు వచ్చాడు. గుడ్డ తీసేశాడు. చెవి చీము పట్టి ఉంది.

"ఎప్పుడు చీలింది?" అన్నారావిడ.

"చిన్నప్పుడు హుజూర్."

ఆవిడ ఆ చీము వైపు చూశారు. "తరవాత" అన్నారు.

పెంటయ్య పేరు చెప్పుకున్నాడు. ఈల చక్కగా వచ్చింది. "తరవాత." వాత పెట్టుకున్నవాడు, తరవాత. కనుబొమ్మవాడు, తరవాత. ఆవిడ ముఖంలో ఏమీ లేదు. ప్రతి కోటలోనూ ఇలాంటి చెవులు చూసి ఉంటారనిపించింది. ముప్పై ఐదు, ముప్పై ఆరు, ముప్పై ఏడు.

కాశింబీ ముంత పట్టుకుని మెట్లు దిగుతోంది. ఆఖరి మెట్టు మీద ఆగి ముంతలో గుడ్డ ముంచింది. ముఖం పైకెత్తింది.

"అది అబద్ధం" అన్నాను.

పెద్దగా అనలేదు. అయినా ఆవరణ అంతా వినపడింది. కాశింబీ చెయ్యి గాలిలో ఆగింది. గుడ్డ కొస నుంచి సున్నం తేట ఆమె మోచేతి మీదుగా కారింది.

"ఏది అబద్ధం?" అన్నారు ఆరిజ్ గారు.

"ఆమె కంటికి పువ్వు లేదు. ఎప్పుడూ లేదు. నేనే రాశాను. ఏడుగురికి రాశాను."

"ఎందుకు?"

"రెండో గుర్తు దొరక్క. ఇంకా... సరదాకి."

తలుపు వైపు ఎవరూ చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నారో తెలుస్తోంది.

"నూటపన్నెండో నిబంధన తెలుసా?"

"తెలుసు."

"చదువు" అని దస్తూరు నా చేతిలో పెట్టారు.

చదివాను. చెహ్రా లేనివాడు నకలు.

"పుట తిప్పు" అన్నారావిడ.

తిప్పాను. అవతలి వైపు నాలుగే వరసలు.

"అట్టి సందర్భమున ఆరిజ్ సమక్షమున ఆ చెహ్రాలన్నియు నాడే మరల వ్రాయవలెను. గుర్తులు చాలనిచో ఆరిజ్ చేవ్రాలు చాలును. తప్పు వ్రాసిన నవీసు చెహ్రా కొట్టివేయబడును. దానిని, అతడెవరి ముఖములను తప్పుగా వ్రాసెనో, వారే వ్రాయుదురు."

ఆవరణలో ఎవరూ సంతోషించలేదు. బతికామని అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక సిలార్ తన చెవి మీద చెయ్యి వేసుకున్నాడు.

"బిడ్డా, గా పుట దాంట్ల ఎప్పటినుంచి ఉన్నది?"

"మొదటి నుంచీ."

"వారం కింద గూడ ఉన్నదా?"

"ఉంది మామా."

అతను చెవికి గుడ్డ మళ్ళీ కట్టుకున్నాడు. పెంటయ్య ఏదో అనబోయాడు, మాట బదులు ఈల వచ్చింది. నోరు మూసుకున్నాడు.

పొద్దు వాలే లోపల నలభై ఒక్క చెహ్రాలూ మళ్ళీ రాశాను. ఈసారి సిలార్ రెండో గుర్తు నిజం. పెంటయ్యది నిజం. అందరివీ నిజాలే, నా చేతుల మీదుగా నిజమయ్యాయి. కాశింబీకి ఒక్కటే గుర్తు రాశాను: గడ్డం మీద గాటు. కళ్ళు రెండూ నలుపు, నిర్మలం. పక్కన ఆరిజ్ గారు చేవ్రాలు చేశారు. చేయడానికి ఆవిడకు రెండు క్షణాలు పట్టింది.

రజబ్ 17

ఏడుగురూ నీడగుడ్డ కింద కూర్చున్నారు. నన్ను ఎండలో ఎదురుగా నిలబెట్టారు. ఆరిజ్ గారి గుమాస్తా కలం పట్టుకున్నాడు. నేను ఉన్నవాడినా, లేనివాడినా అన్నది నిన్న సాయంత్రం నుంచి తేలని సంగతి. తలుపు దగ్గరి సిపాయి పొద్దున నా రెప్పల్ని లెక్కపెట్టడం చూశాను.

నుదురు వెడల్పు. రంగు చామనచాయ. ముక్కు పొడుగు. అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పారు. మొదటి గుర్తు: కుడిచేతి మధ్యవేలికి కలం కాయ. అదీ నిజమే.

"రెండోది?" అన్నాడు గుమాస్తా.

"పన్ను" అన్నాడు పెంటయ్య వెంటనే.

"చెవి" అన్నాడు వాతవాడు. "రెండు చెవులూ."

కాశింబీ నన్ను చూస్తోంది, మొండి చింత దాటి వచ్చేవాణ్ణి చూసినట్టు. అది అన్నిటికన్నా భయంగా ఉంది.

"ఖాళీగ ఉంచు" అన్నాడు సిలార్.

"ఖాళీ ఉంచితే చెల్లదు" అన్నాడు గుమాస్తా.

"గుర్తు లేదని రాయమంటలేను. ఉన్నదని రాయి. ఏదన్నది మేం సోంచాయించి చెప్తం. గడువెంత?"

గుమాస్తా ఆరిజ్ గారి వైపు చూశాడు. ఆవిడ మెడ మీద గంధం రాసుకుంటున్నారు.

"మళ్ళీ తనిఖీ దాకా" అన్నారు. "గుర్తు తేలిన రోజున రాయించడానికి ఇద్దరు సాక్షులు చాలు."

"మళ్ళీ తనిఖీ ఎన్నడు హుజూర్?" అన్నాను.

"నాకు వీలైనప్పుడు."

షాబాన్ 2

ఆరిజ్ గారు వెళ్ళి రెండు వారాలయింది. ఇసుక దులిపించాను. మోటారుకు నూనె పోయించాను. చెహ్రాల పుస్తకం చివర నా చెహ్రా ఉంది. రెండో గుర్తు దగ్గర "కలదు" అని రాసి, తర్వాత అరచెయ్యంత తెల్లగా ఉంది.

ఎవరూ నన్ను ఏమీ అనరు. అన్నం దగ్గర సిలార్ నా విస్తట్లో పప్పు వేస్తాడు, "తిను బిడ్డా" అంటాడు. పెంటయ్య తన పిల్లల ముచ్చట్లు ఈల వేస్తూ చెబుతాడు. నేను చమత్కారాలు మానేశానని ఎవరైనా అనుకుంటారేమోనని అప్పుడప్పుడు ఒకటి వదులుతాను. ఏడుగురూ నవ్వుతారు. నవ్వుతూ నా ముఖాన్ని చూస్తారు, ముఖంలో ఒక్కో చోటునీ, తీరిగ్గా, కొనే ముందు చూసినట్టు.

నిన్న కాశింబీ బురుజు దిగుతుంటే ధైర్యం చేసి అడిగాను, ఏదైనా తేల్చారా అని.

"ఇంకా లేదు" అంది. "తొందరేమున్నది."

రోజూ లేవగానే మొట్టమొదట చేసే పని ఇది: చెవులు తడుముకుంటాను, నాలుకతో పళ్ళు లెక్కపెట్టుకుంటాను, ఒక కన్ను మూసి చూస్తాను, తర్వాత రెండోది మూసి చూస్తాను.

ఇవాళ్టికి అన్నీ ఉన్నాయి.